విప్పి చూసే అలవాటు

జూన్ 9

వదినా,

క్షేమమా అని అడగను. అడిగితే "నా సంగతి సరే, నీ దగ్గు తగ్గిందా" అని ఎదురు నన్నే అడుగుతావు. తగ్గింది.

ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని అన్నయ్య దగ్గర సణిగావట. నేను పనిచేసే గది హోటల్ కింద నేలమాళిగలో ఉంది, సిగ్నల్ రాదు. పైకొచ్చి చేద్దామంటే మన డ్రైక్లీనింగ్ షాపులో మిషన్ తిరుగుతూ ఉంటుంది. నువ్వు అరుస్తావు, నేనూ అరుస్తాను, దేని గురించి మొదలెట్టామో మర్చిపోయి పోట్లాడుకుని పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవాళ్లు నోరు మూసుకోక తప్పదు. మన ఇద్దరికీ ఇదే మందు.

ఇక్కడ పని మన షాపులో పనిలాంటిదే, కాకపోతే కొండంత. హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు, వెయిటర్ల కోట్లు అన్నీ మా గదికే వస్తాయి. ఉతికినవి సరిచూసి, చిరిగినవి వేరు చేసి, చీటీలు కట్టి అంతస్తులవారీగా పంపాలి. మార్చిలో చేరాను కదా, ఆగస్టు దాకా చూసి ఉంచుకునేదీ లేనిదీ చెప్తారు. మా పైన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ నేర్పిన మొదటి అలవాటు నీకూ చెప్తాను. సాయంత్రం వెళ్లే ముందు బల్ల మీద ఒక్క గుడ్డముక్క మిగలకూడదు. పొద్దున ముందుగా కావలసిన కత్తెర, దారం, చీటీలు మాత్రం వరసగా పెట్టి వెళ్లాలి. మర్నాడు వచ్చేసరికి సగం పని అయిపోయినట్టే ఉంటుంది. నువ్వూ చేసి చూడు. మన కౌంటరు మీద తవ్వకాలు జరిపితే అన్నయ్య పోగొట్టుకున్న కళ్లజోళ్లన్నీ బయటపడతాయి.

ఇంకో సుఖం కూడా ఉంది. ఇక్కడ నేను కట్టిన చీటీని మళ్లీ విప్పి చూసేవాళ్లు లేరు.

నీ గడుగ్గాయి


జూన్ 17

గడుగ్గాయ్,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? మనిషి ఊరు దాటినా పెత్తనం పోస్టులో వస్తోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. సాయంత్రం బల్లంతా సర్ది, తుడిచి, కత్తెర పక్కన దారం, దారం పక్కన చీటీలు పెట్టి తాళం వేశాను. పొద్దున నాకంటే ముందు మీ అన్నయ్య వచ్చి ఆ బల్ల మీద మిషన్ మోటారు విప్పి పరిచారు. ఇదేమిటండీ అంటే "ఖాళీగా ఉంది కదా" అన్నారు. ఇంతకుముందు బట్టల కుప్పే నయం, కనీసం గ్రీజు అంటకుండా ఉండేది.

కౌంటరుకి ఒకావిడని పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లల తల్లి. ఇంతకుముందు మందుల షాపులో చేసిందట, అందుకని మీ అన్నయ్య "మందులావిడ" అని పేరు పెట్టారు. నెమ్మది మనిషి, మరీ నెమ్మది. ఒక చొక్కాకి చీటీ కట్టేలోపు నేను రెండు ప్యాంట్లు ఇస్త్రీ చేసేస్తాను. మొదటిరోజు మేకుకి తగిలించి ఉన్న నీ నీలం ఏప్రన్ వేసుకోబోయింది. నీకు పొడుగవుతుందమ్మా అని చెప్పి వేరేది కొనిచ్చాను.

ఎవరో ఉతకడానికిచ్చి మళ్లీ రాని ఆ ఆకుపచ్చ కోటు వెనక రాడ్డు మీద ఇంకా వేలాడుతూనే ఉంది. ఎవరికైనా ఇచ్చేద్దామంటారు ఈయన. తీసుకెళ్లని బట్టల్ని ఏడాది దాకా దాస్తామని గోడ మీద బోర్డు పెట్టింది ఎవరు? రాశాక దాయాలా వద్దా?

ఇక చీటీ విప్పి చూస్తానని దెప్పావు. చూస్తాను. నువ్వు కట్టినా చూస్తాను, మీ అన్నయ్య కట్టినా చూస్తాను, నేను కట్టినదే మర్నాడు మళ్లీ చూస్తాను. కాజాకి దారం గట్టిగా పడిందా, నంబరు సరిగ్గా ఉందా అని చూసుకోవడం తప్పా? దానికే అలిగి ఊరు విడిచి పోతారా ఎవరైనా?

వదిన


జూన్ 26

వదినా,

అలిగి రాలేదు. విసుగెత్తి వచ్చాను. రెండింటికీ తేడా ఉంది.

నేను పొద్దుటి నుంచీ కట్టిన చీటీలన్నీ నేను టీ తాగి వచ్చేలోపు ముడి మారి ఉండేవి. నా ముడి నాకు తెలియదా? నువ్వు ఒక్కసారి కూడా తప్పు పట్టుకోలేదు, ఎందుకంటే తప్పు లేదు కాబట్టి. తప్పు దొరికినా బాగుండేది, నువ్వు చూసినదానికి ఒక అర్థం ఉండేది. ఇన్నేళ్లు చేసినా నేను నిన్ననే చేరినదాన్నే నీకు. సరే, వదిలెయ్యి. గుర్తొస్తే మళ్లీ మండుతుంది.

మోటారు సంగతి చదివి నవ్వాను. అన్నయ్యకి ముందు చెప్పకుండా బల్ల ఖాళీ చేస్తే అంతే మరి. పెద్దావిడ దగ్గర దీనికీ మందుంది. ఆవిడ ఎవరికి ఏ పని చెప్పినా వెంటనే "ఇప్పుడు నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అంటుంది. మొదట్లో నాకు చిన్నపిల్లల బడిలా అనిపించి ఒళ్లు మండేది. కానీ చెప్పబోతే సగం దగ్గర ఆగిపోతాం, చూడు, అప్పుడు తెలుస్తుంది మనం విన్నది ఎంతో. అన్నయ్యకి ఈ అలవాటు తప్పకుండా చెయ్యి. ఆయనకి చెప్పిన మాటల్లో తీపి మాటలు చెవిలో ఉంటాయి, చేదువి ఆవిరైపోతాయి.

ఇంకొకటి. మొండి మరకలున్నవి పొద్దున్నే ముందు పట్టుకో. సాయంత్రానికి తోస్తే చెయ్యీ లేవదు, మరకా పోదు.

కౌంటరు దగ్గర పాత ఖాతాదార్లు ఎవరైనా నన్ను అడుగుతున్నారా? ఊరికే అడిగాను.

నీ గడుగ్గాయి


జూలై 8

గడుగ్గాయ్,

నవ్వావంటే చంపేస్తాను.

మన వకీలు గారి నల్లకోటు తెలుసు కదా. అదే వారం గారడీ చేసే ఆయన నల్లకోటు కూడా వచ్చింది. రెండూ ఒక కొలత, ఒక గుడ్డ, ఒకే రకం గుండీలు. ఒకరిది ఒకరికి వెళ్లిపోయింది. వకీలు గారు కోర్టులో మాట్లాడుతూ మాట్లాడుతూ చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టారట. ఎర్ర రుమాలు వచ్చింది. దాని కొసకి పచ్చది ముడేసి ఉంది, దాని కొసకి పసుపుది. లాగినకొద్దీ వస్తోందట. జడ్జి గారు మూడో రుమాలు దాకా ఊరుకుని ఆ తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారట. అక్కడ గారడీ ఆయన పిల్లల ముందు మంత్రం వేసి జేబులో చెయ్యి పెడితే అస్తరు తప్ప ఏమీ లేదు. పిల్లలు ఏడ్చారట.

జేబులు తిరగెయ్యలేదా అంటావు. తిరగేశాం. జేబులో జేబుంటుందని ఎవరికి తెలుసు?

వకీలు గారు షాపుకి వచ్చి నలుగురి ముందు అన్న మాటలు నీకు రాయలేను. కోర్టు కోట్లన్నీ ఆయన మాట మీదే మనకొచ్చేవి. ఇక రావు. ఆ కోట్లే లేకపోతే ఈ షాపు తలుపు ఎందుకు తెరవాలో నాకు తెలియడం లేదు.

చీటీలు కట్టింది మందులావిడ. ఇంత నిర్లక్ష్యమా అని అడిగాను. కాస్త గట్టిగానే అడిగాను. ఆవిడ "నేను సరిగ్గానే కట్టానండి" అని ఒకే మాట అని, ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తప్పు చేసి పైపెచ్చు పౌరుషం.

పాతవాళ్లు నిన్ను అడుగుతున్నారా అన్నావు. అడగక ఏం చేస్తారు, నీ నోరు అలాంటిది.

వదిన


జూలై 15

వదినా,

నవ్వాను. క్షమించు. గదిలో ఒక్కదాన్నే కూర్చుని జడ్జి గారి దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి చదివాను.

కానీ తర్వాత నవ్వు రాలేదు. కోర్టు కోట్లు పోవడం ఎంత దెబ్బో నాకు తెలుసు.

ఒక మాట అడుగుతాను, చించెయ్యకుండా చదువు. మందుల షాపులో చేసిన మనిషి పేరు చూడకుండా బిళ్ల కూడా ఇవ్వదు. అంత నెమ్మది అని నువ్వే రాశావు. అలాంటిది రెండు కోట్లకి చీటీలు తారుమారు చేస్తుందా? ఆవిడ కట్టాక నువ్వు చూశావు కదా. చూడకుండా ఉండవు. రెండు కోట్లూ ఒకేసారి బల్ల మీద వేసి, రెండు చీటీలూ విప్పావా?

విప్పకపోతే నన్ను తిట్టు.

ఇక్కడ గడువు దగ్గర పడుతోంది. ఉండమంటారనే అంటున్నారు అందరూ. అదేం ఖర్మో, ఉండమంటారంటే గుండెలో రాయి పడినట్టుంది. పొద్దున లేవగానే షాపు షట్టర్ చప్పుడు వినబడకపోతే తెల్లారినట్టే ఉండదు.

నీ గడుగ్గాయి


జూలై 24

గడుగ్గాయ్,

అవును, విప్పాను. రెండూ విప్పాను. తృప్తేనా?

రెండు చీటీలూ చేతిలో ఉన్నాయి. అప్పుడే మీ అన్నయ్య లోపలి నుంచి "నా కళ్లజోడు చూశావా" అన్నారు. తలెత్తి "మీ ముక్కు మీదే" అన్నాను. తల దించి కట్టేశాను. అంతే జరిగింది. నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు, చదివాక అన్నం తినబుద్ధి కాలేదు. ఊళ్లో ఉన్నదాన్ని నేను, అక్కడ దుప్పట్ల మధ్య కూర్చుని విచారణ చేసేది నువ్వు. కళ్లముందున్నప్పుడు ఈ చీటీల గురించి ఒక్క మాట అనేదానివి కాదు. మూతి ముడుచుకుని తిరిగేదానివి. ఇప్పుడు దూరం వెళ్లాక ధైర్యం వచ్చింది.

ఎందుకు విప్పుతానో నువ్వు ఎప్పుడూ అడగలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నువ్వింకా బడికి వెళ్లేదానివి. ఒక ముసలమ్మ చనిపోయిన తన భర్త శాలువా ఉతకడానికి ఇచ్చింది. చీటీ ముడి వదులై ఊడిపోయింది, నేను దాన్ని ఇంకెవరి సంచిలోనో వేసేశాను. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. ఆవిడ మాత్రం వచ్చేది. గడప దగ్గర నిలబడి "దొరికిందా అమ్మా" అనేది. లేదంటే "సరే అమ్మా" అని వెళ్లేది. తిట్టి ఉంటే బాగుండేది. చాలాకాలం అలా వచ్చింది, ఒకరోజు నుంచి రాలేదు. అప్పటి నుంచి నా చేతులు ఆగవు. నిన్ను నమ్మక కాదే పిచ్చిదానా, నన్ను నేను నమ్మక.

మిషన్ బెల్టు తెగింది. ఇక్కడ దొరకదట, మీ అన్నయ్య మీ ఊరే వస్తున్నారు కొనడానికి. రైలు దిగగానే బెల్టు సంగతి గుర్తు చెయ్యి, లేకపోతే నిన్ను చూసిన సంతోషంలో ఉత్త చేతులతో తిరిగొస్తారు.

వదిన


ఆగస్టు 6

వదినా,

శాలువా గురించి ఏం రాయాలో తెలియక చాలా కాగితాలు పాడుచేశాను. అన్నయ్య కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

బెల్టు కొనిపించాను. రెండు కొనిపించాను. కాంటీన్‌లో కూర్చుని అన్నయ్యతో మనసులో ఉన్నదంతా చెప్పాను. ఉత్తరంలో రాయడానికి మొహమాటం వేసింది, అందుకే ఆయనతో చెప్పించాను. ఇంటికొచ్చి చెప్పే ఉంటారు. నెలాఖరుకి నేను ఏదో ఒకటి తేల్చాలి. నీ దగ్గర నుంచి ఒక్క మాట వస్తే చాలు.

నీ గడుగ్గాయి


ఆగస్టు 14

గడుగ్గాయ్,

ఒక్క మాట చాలన్నావు. సంతోషం.

నిన్ను పర్మనెంట్ చేస్తున్నారనీ, జీతం పెరుగుతుందనీ, ఉండటానికి గది కూడా ఇస్తారనీ మీ అన్నయ్య బెల్టు సంచి కింద పెట్టకముందే చెప్పారు. ఇంత మంచి కబురు రాయడానికి మొహమాటం దేనికి? మేమేమైనా కుళ్లుకుంటామా?

షాపు సంగతి దిగులు పెట్టుకోకు. మీ అన్నయ్య, నేను ఎలాగో నెట్టుకొస్తాం. మేకుకి వేలాడి దుమ్ము పడుతోందని నీ నీలం ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టేశాను. ఇక్కడ ఇక ఎవరికీ దానితో పని లేదు కదా.

ఒంట్లో జాగ్రత్త. నేలమాళిగలో చెమ్మ ఉంటుంది, పాదాలకి మేజోళ్లు వేసుకో.

వదిన


సెప్టెంబర్ 1

వదినా,

నిన్న సంతకం పెట్టేశాను. ఏడాది ఒప్పందం. మధ్యలో మానేస్తే ఈ ఊళ్లో ఏ హోటలూ మళ్లీ గడప తొక్కనివ్వదు. సంతకం పెడుతుంటే పెద్దావిడ "ఏడుస్తూ పెడుతున్నావేమిటి, సంతోషమా" అంది. అవునన్నాను. నువ్వు రాసిన మాటే కదా.

నువ్వు రమ్మంటావనుకున్నాను. అన్నయ్యతో అన్నది ఇదే: "వీళ్లు ఉండమంటున్నారు. నాకు ఉండాలని లేదు. వదిన ఒక్కసారి రా అంటే సంతకం పెట్టకుండా వచ్చేస్తాను. కౌంటరు నాకు వదిలేస్తానని అంటే ఇంకేమీ అడగను." ఇంత అడిగినదానికి నువ్వు ఏప్రన్ పెట్టెలో పెట్టానని రాశావు. అర్థమైంది. మర్యాదగా చెప్పావు, అందుకు మాత్రం మెచ్చుకోవాలి.

మేజోళ్లు వేసుకుంటున్నాను.

గడుగ్గాయి


సెప్టెంబర్ 8

ఒసేయ్ పిచ్చిమొహమా,

ఆయన నాకు చెప్పలేదే! నీ ఉత్తరం పట్టుకుని వెళ్లి మీ అన్నయ్య ముందు నిలబడ్డాను. చదివారు. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉండిపోయింది, ఎవరి చొక్కానో మాడింది. "మంచి మాట ముందు చెప్పాను, రెండోది నెమ్మదిగా చెబుదామనుకున్నాను, ఈలోపు బెల్టు బిగించే పనిలో పడ్డాను" అన్నారు. నువ్వేం రాశావు జూన్‌లో? తీపి మాటలు చెవిలో ఉంటాయి, చేదువి ఆవిరైపోతాయని రాశావా లేదా? మరి అంత తెలిసినదానివి, నీ బతుకు తేలే మాట ఆ మనిషి చేతిలో పెట్టి, "నేనేం చెప్పానో చెప్పు" అని అడగలేకపోయావా? ఊరందరికీ చెప్పే అలవాట్లు నీకెందుకు లేవు?

నా సంగతి కూడా చెప్తాను, నేనేం తక్కువ తినలేదు. మార్చిలో నువ్వు రైలెక్కుతుంటే "ఉండిపోవే" అనాలని నోటిదాకా వచ్చింది. "పెట్టె జాగ్రత్త" అన్నాను. జూన్‌లో రాయబోయాను, ఆకుపచ్చ కోటు గురించి రాశాను. నాకు సరిచూడటం వచ్చు, సణగటం వచ్చు, అడగటం రాదు. మన ఇంట్లో ఎవరికీ లేదు ఆ అలవాటు. అడిగితే కాదంటారేమోనని అడగం, అడగలేదని వాళ్లు వెళ్లిపోతారు.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. రా. కౌంటరు నీది. నువ్వు లేక నాకు చేతకావడం లేదు. షాపు సంగతి తర్వాత, నాకే బాగుండటం లేదు. సంతకం చించేసి రా.

వదిన


సెప్టెంబర్ 17

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నీకు పొగరెక్కుతుంది.

సంతకం చించడం కుదరదు. పెద్దావిడ నా మాట మీద ఇంకొకరిని వద్దనుకుని పంపేసింది. ఇచ్చిన మాట మధ్యలో వదిలేసి వస్తే రేపు నీ కౌంటరు దగ్గర మాత్రం ఎలా నిలబడతాను? అన్నయ్య మీద నాకు చచ్చేంత కోపంగా ఉంది. నీ మీద కోపంగా ఉంది. ఎక్కువ నా మీదే ఉంది. ఒక్క కార్డు ముక్క మీద "రానా?" అని రాసి ఉంటే సరిపోయేది. రెండు బెల్టులు కొనిపించేంత తెలివి ఉంది నాకు, అది మాత్రం తట్టలేదు.

మొన్న ఇక్కడ కొత్తగా చేరినావిడ తువ్వాళ్ల కట్టలకి చీటీలు కట్టి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే నా చెయ్యి ముడి మీదికి పోయింది. విప్పబోయి ఆగాను. నువ్వు గుర్తొచ్చి నవ్వాను, తర్వాత నవ్వలేదు.

తీసుకెళ్లని బట్టల్ని ఏడాది దాస్తామని మన షాపులో బోర్డు ఉంది కదా. ఆ ఆకుపచ్చ కోటుకి ఇచ్చిన గడువే నాకూ ఇవ్వు. ఎవరికీ ఇచ్చెయ్యకు.

నీ గడుగ్గాయి


సెప్టెంబర్ 25

గడుగ్గాయ్,

మందులావిడ ఇంటికి వెళ్లాను. తప్పు నాదే, మళ్లీ రామ్మా అన్నాను. రెండు మాటలు, అవి నోట్లోంచి రావడానికి వాళ్ల గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో ఆ వీధికి తెలుసు. ఆవిడ వచ్చింది. ఆవిడ చీటీలు కడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. మీ అన్నయ్య చూసి బడిలో శిక్ష వేసిన పిల్లలా ఉన్నావన్నారు. ఉండనీ.

ఆయనకి ఏం చెప్పినా ఇప్పుడు తిరిగి చెప్పిస్తున్నాను. సగం దగ్గర ఆగిపోతున్నారు, నువ్వన్నట్టే. కోర్టు కోట్లు ఇంకా రాలేదు. వకీలు గారింటికి కూడా వెళ్లి అడగాలి, ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

నీ ఏప్రన్ పెట్టెలోంచి తీశాను. వెనక రాడ్డు మీద, ఆకుపచ్చ కోటు పక్కన తగిలించి, కాజాకి చీటీ కట్టాను. ఒకే ముడి వేశాను. మళ్లీ విప్పి చూడలేదు.

వదిన